డీవీడీ రైటింగ్ బాగా స్లో అయిపోయింది, ఒక్కో డిస్క్‌కి అరగంట దాటుతోంది

తెనాలి_మిక్సింగ్:

అందరికీ నమస్కారం. మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం, మిక్సింగ్ కూడా ఇక్కడే. ఈ కాలంలో కూడా డీవీడీలేంటి అని ముందే అడక్కండి, కుర్రాళ్లు పెన్‌డ్రైవే అడుగుతారు గానీ పెద్దవాళ్ల ఇళ్లల్లో ఇంకా డీవీడీ ప్లేయరే ఉంది, పైగా కవరు మీద పెళ్లికూతురు పెళ్లికొడుకు ఫోటో వేసి చేతికిస్తే వాళ్లకి అదో తృప్తి. పెన్‌డ్రైవ్ ఇస్తే "ఇంతేనా బాబూ" అంటారు.

మిక్సింగ్ సిస్టమ్ పాతది. ఇంటెల్ 945 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. దాన్ని మార్చెయ్యమని సలహా ఇవ్వొద్దు ప్లీజ్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ (లైసెన్స్ తాళంలా సిస్టమ్‌కి గుచ్చే చిన్న పరికరం) ఉంది, మినీ డీవీ టేపులు క్యాప్చర్ చేసే ఫైర్‌వైర్ కార్డు దీంట్లోనే ఉంది, ఇవి కొత్త సిస్టమ్‌లో పని చేయవు. నెట్ అసలు ఇవ్వలేదు. హార్డ్ డిస్క్ సన్న కేబుల్ ఉండే సాటా, డీవీడీ రైటర్ మాత్రం పాత ఐడీఈ, వెడల్పాటి పట్టీ కేబుల్ ఉంటుంది చూడండి, అది. రాసే స్పీడ్ రైటర్ మీద 20ఎక్స్ అని ఉంది, బ్లాంక్ డిస్కుల మీద 16ఎక్స్ అని ఉంది.

ఇదివరకు నిండు డిస్క్ ఆరేడు నిమిషాల్లో బయటికొచ్చేది. ఇప్పుడు ముప్పై ఐదు నిమిషాలు పడుతోంది. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ నీరోలో 16ఎక్స్ సెలెక్ట్ చేసినా అంతే, 8ఎక్స్ పెట్టినా అంతే. రైటింగ్ జరుగుతున్నంతసేపూ మౌస్ పట్టేస్తోంది, పాట పెడితే గొంతు నొక్కినట్టు ఆగి ఆగి వస్తోంది. బఫర్ గీత (రాయడానికి సిద్ధంగా పోగైన డేటా ఎంతో చూపించేది) నిండుతుంది, టక్కున పడిపోతుంది, మళ్లీ నిండుతుంది. డ్రైవ్ లోపల శబ్దం కూడా తేడాగా ఉంది, తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి మళ్లీ ఎత్తుకుంటోంది.

చేసినవి: వేరే కంపెనీ స్పిండిల్ (బ్లాంక్ డిస్కుల డబ్బా) కొన్నాను, లెన్స్ క్లీనర్ డిస్క్ వేశాను, నీరో తీసేసి మళ్లీ ఎక్కించాను, యాంటీవైరస్ ఆపేసి చూశాను. తేడా లేదు. ఈ మధ్య సిస్టమ్‌లో కొత్తగా పెట్టిందంటూ ఏమీ లేదు. పని కూడా మామూలే, పెళ్లి డీవీడీలు, మధ్యలో ఎవరైనా పాత సీడీలు తెచ్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించమంటే అవి.

శుక్రవారం లోపల రెండు వైపుల వాళ్లకీ కలిపి ఇరవై కాపీలు ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది. రైటర్ పోయిందా? ఇంకేమైనా ఉందా?


బ్రో_విజయవాడ:

రైటర్ లేజర్ వీక్ అయిపోయినట్టుంది అన్నా. ఇన్నేళ్లు వాడాక పోకుండా ఉంటుందా. కొత్తది వేసెయ్, వెయ్యీ పన్నెండొందల్లో అయిపోతుంది, దీనికి ఇంత చర్చ ఎందుకు.


పార్క్‌లేన్_రిపేర్:

కాస్త ఆగండి బ్రో, లేజర్ వీక్ అయితే డిస్కులు ఫెయిల్ అవుతాయి, మధ్యలో ఎర్రర్ కొట్టి బయటికి తోసేస్తాయి, రాసినవి ప్లేయర్‌లో ఇరుక్కుంటాయి. మౌస్ ఎందుకు పట్టేస్తుంది? లేజర్‌కీ మౌస్‌కీ సంబంధం ఏంటి?

తెనాలి గారూ, మీరు చెప్పినదాంట్లో అసలు విషయం అదే, రైటింగ్ టైమ్‌లో మౌస్ పట్టేయడం, పాట ఆగి ఆగి రావడం. ఎక్స్‌పీ, ఐడీఈ రైటర్, ఈ లక్షణం, మూడూ ఒక చోట కనిపిస్తే నేను ముందు చూసేది ఒక్కటే. డ్రైవ్ డీఎంఏ మోడ్ వదిలేసి పీఐఓ మోడ్‌లోకి జారిపోయి ఉంటుంది.

ఎలా చూడాలంటే: మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, హార్డ్‌వేర్ ట్యాబ్, డివైస్ మేనేజర్. అందులో ఐడీఈ కంట్రోలర్స్ అని ఒక వరుస ఉంటుంది, దాన్ని విప్పితే ప్రైమరీ ఐడీఈ ఛానల్, సెకండరీ ఐడీఈ ఛానల్ అని కనిపిస్తాయి. 945 బోర్డుల్లో ఐడీఈ సాకెట్ ఒక్కటే కాబట్టి మీ రైటర్ ప్రైమరీ మీద ఉండాలి, కానీ సాటా వాటిని కూడా అలాంటి పేర్లతోనే చూపిస్తుంది, అందుకని కనిపించిన ప్రతి ఛానల్ మీదా డబుల్ క్లిక్ చేసి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో చూడండి. ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట "డీఎంఏ ఇఫ్ అవైలబుల్" అనే ఉంటుంది, దాన్ని చూసి బాగానే ఉందనుకోవద్దు, చాలామంది అక్కడే ఆగిపోతారు. దాని కింద కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అని బూడిద రంగు గడి ఉంటుంది, నిజం అక్కడ ఉంటుంది. అందులో పీఐఓ అని ఉంటే దొంగ దొరికినట్టే.

పీఐఓ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. డీఎంఏలో హార్డ్ డిస్క్ నుంచి మెమరీకి, మెమరీ నుంచి రైటర్‌కి డేటా దానంతట అది వెళ్తుంది, ప్రాసెసర్ "ఇక్కణ్ణుంచి ఇక్కడికి" అని చెప్పి తన పని తను చూసుకుంటుంది. పీఐఓలో ప్రాసెసరే ప్రతి ముక్కనీ మోయాలి, షావుకారు గల్లాపెట్టె వదిలేసి తనే బస్తాలు మోస్తున్నట్టు. అందుకే మౌస్ కదలదు, పాట ఆగుతుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి, ప్రాసెసర్ వాడకం ఎక్కడో పైన ఉంటుంది.

లెక్క కూడా చూడండి. డీవీడీలో 1ఎక్స్ అంటే సెకనుకి 1.385 ఎంబీ. సీడీలో 1ఎక్స్ అంటే 150 కేబీ, రెండూ ఒకటి కాదు. 16ఎక్స్ కావాలంటే సెకనుకి 22 ఎంబీ పైగా ఆగకుండా అందుతూ ఉండాలి. పీఐఓలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే మోడ్ 4 కాగితం మీదే 16.6 ఎంబీ, చేతికి వచ్చేది అందులో చాలా తక్కువ. మీ 4.7 జీబీ డిస్క్ ముప్పై ఐదు నిమిషాల్లో అయిందంటే సెకనుకి 2.2 ఎంబీ, అంటే 1.6ఎక్స్. డేటా అందక రైటర్ ఆగి, అందాక ఆ చివర పట్టుకుని మళ్లీ రాస్తోంది. బఫర్ అండర్‌రన్ ప్రొటెక్షన్ లేని పాత రోజుల్లో అయితే ఈ పాటికి ప్రతి డిస్కూ పాడైపోయి గ్లాసు కింద పెట్టుకునే కోస్టరే అయ్యేది. మీరు విన్న నెమ్మదించి ఎత్తుకునే శబ్దం అదే.

పీఐఓ అని కనిపిస్తే ఆ ఛానల్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. భయపడొద్దు, బోర్డులోంచి ఏమీ ఊడిపోదు, సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని మళ్లీ గుర్తుపట్టి డీఎంఏతో మొదలుపెడుతుంది. ఇంకోసారి రీస్టార్ట్ అడిగితే చెయ్యండి. డాంగిల్‌కి, ఫైర్‌వైర్ కార్డుకి దీంతో పని లేదు. అది చేసి ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.


తెనాలి_మిక్సింగ్:

అన్నా దండాలు. మీరు చెప్పినట్టే ఉంది, పైన "డీఎంఏ ఇఫ్ అవైలబుల్", కింద బూడిద గడిలో పీఐఓ మోడ్. అన్‌ఇన్‌స్టాల్ చేసి రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు అల్ట్రా డీఎంఏ మోడ్ 2 అని చూపిస్తోంది. వెంటనే ఒక డిస్క్ వేశాను, ఆరు నిమిషాల లోపలే ఐపోయింది, మౌస్ కూడా హాయిగా తిరుగుతోంది!

కానీ ఒక డౌటు. నేను ఏమీ మార్చలేదు కదా, దానంతట అది పీఐఓలోకి ఎందుకు వెళ్లింది? మళ్లీ వెళ్తుందా?


జూనియర్_లాయర్_వరంగల్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాది కూడా ఇదే బాధ, కానీ సిస్టమ్ వేరు. విండోస్ 10 ల్యాప్‌టాప్, దానికి డ్రైవ్ లేదు, బయట పెట్టుకునే యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొన్నాను. మా సీనియర్ గారి ఆఫీసులో సీసీ కెమెరా ఫుటేజ్, ఫోటోలు కోర్టులో వేయాలంటే డీవీడీలోనే అడుగుతున్నారు. మూడు జీబీ ఫోల్డర్ రాయడానికి గంట దాటుతోంది. డివైస్ మేనేజర్‌లో మీరు చెప్పిన ఆ గడి నాకు ఎక్కడా కనపడలేదు. పైగా రాసిన డిస్క్ కోర్టు సిస్టమ్‌లో ఓపెన్ కాలేదని ఒకసారి వెనక్కి పంపారు.


పార్క్‌లేన్_రిపేర్:

తెనాలి గారూ, ముందు మీది.

ఎందుకు వెళ్లిందంటే, ఎక్స్‌పీకి ఒక అలవాటు ఉంది. ఒక డ్రైవ్‌తో మాట్లాడేటప్పుడు టైమ్ అవుట్‌లు, సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిందని తెలిపేవి) వస్తే లెక్కపెట్టుకుంటుంది. అవి ఆరు దాటితే ఒక మెట్టు కిందికి దించుతుంది. ఇంకా వస్తే ఇంకో మెట్టు. ఆఖరికి పీఐఓ. వరసగా ఆరు రానక్కర్లేదు, ఇవాళ రెండు, వచ్చే నెల మూడు, అలా పోగైనా చాలు. కిందికి దించాక దాన్ని రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్స్ దాచుకునే చోట) రాసిపెట్టుకుంటుంది కాబట్టి రీస్టార్ట్ చేసినా ఎక్కదు, మీరు నీరో ఎన్నిసార్లు మార్చినా ఎక్కదు. డేటా పాడవకుండా ఉండాలని పెట్టిన ఏర్పాటే గానీ, దించినప్పుడు ఒక్క మాట కూడా చెప్పదు, అదీ నాకు నచ్చనిది. ఈ సంగతి తెలియక మంచి రైటర్లు ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో.

మరి ఆ ఎర్రర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మీరే రాశారు, పాత సీడీలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడం. పదిహేనేళ్ల నాటి పెళ్లి వీసీడీలు, టీవీ మీద కవర్ లేకుండా దుమ్ములో పడి ఉన్నవి, పిల్లలు ఆడుకున్నవి, అవే కదా వచ్చేవి. గీతలు పడ్డ చోట డ్రైవ్ చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, విండోస్ జవాబు కోసం ఎదురుచూసి చూసి టైమ్ అవుట్ అని రాసుకుంటుంది. అలాంటివి నాలుగైదు సీడీలు చాలు. కాబట్టి అవును, మళ్లీ వెళ్తుంది. గీతలు పడ్డ సీడీలు చదవడానికి వేరే డ్రైవ్ పెట్టుకోండి, ఇంట్లో ఏదైనా ల్యాప్‌టాప్ ఉంటే అందులో చదివేయండి. పెళ్లి డీవీడీలు రాసే రైటర్‌లో అవి పెట్టొద్దు.

రెండోది కేబుల్. టైమ్ అవుట్‌లకి చెడ్డ డిస్క్ కారణమైతే సీఆర్‌సీ ఎర్రర్లకి ఎక్కువగా కేబులే కారణం. మీకు మోడ్ 2 దగ్గరే ఆగింది చూశారా, ఆ రైటర్‌కి అంతవరకే ఉందేమో, లేదా పాత 40 తీగల కేబుల్ ఉందేమో. 80 తీగల కేబుల్ అయితే తీగలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, వేలితో రాస్తే తెలిసిపోతుంది, చాలావాటిలో బోర్డుకి పెట్టే కొన నీలం, మాస్టర్ డ్రైవ్‌కి పెట్టే చివరి కొన నలుపు, మధ్యలోది బూడిద రంగు. మోడ్ 2 అంటే సెకనుకి 33 ఎంబీ, 16ఎక్స్‌కి సరిపోతుంది, స్పీడ్ కోసమైతే మార్చక్కర్లేదు. కానీ క్యాబినెట్ మూత పక్కన నలిగి మడతపడి ఉంటే మాత్రం మార్చండి. పాత సిస్టమ్‌లు విప్పి అమ్మే షాపులో ఊరికే ఇస్తారు.

ఆ ఎర్రర్ లెక్కని ఎప్పటికప్పుడు సున్నా చేసే రిజిస్ట్రీ చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. పని చేస్తుంది, కాదనను. కానీ కేబుల్ నిజంగా చెడిపోయిన రోజు కూడా అది మీకు తెలియనివ్వదు. నేనైతే పెట్టను. కావాలంటే నెలకోసారి ఆ బూడిద గడి చూసుకోండి.

లాయర్ గారూ, మీది పూర్తిగా వేరే కథ, యూఎస్‌బీ డ్రైవ్‌కి ఆ గడి ఉండదు. రెండు ప్రశ్నలు. డిస్క్ పెట్టగానే విండోస్ "ఈ డిస్క్‌ని ఎలా వాడతారు" అని అడుగుతుంది, మీరు ఏది నొక్కుతున్నారు? డ్రైవ్‌ని ల్యాప్‌టాప్‌కి నేరుగా పెడుతున్నారా, మధ్యలో హబ్ ఉందా?


జూనియర్_లాయర్_వరంగల్:

మొదటిదే నొక్కుతున్నాను సార్, యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా వాడొచ్చు అని ఉంటుంది కదా. అది సులువనిపించింది. మధ్యలో హబ్ ఉంది, ల్యాప్‌టాప్‌కి రెండే పోర్టులు, ఒకదానికి ప్రింటర్. ఫోల్డర్‌లో ఫోటోలు, చిన్న చిన్న క్లిప్పులు కలిపి రెండు వేల పైనే ఉంటాయి.


పార్క్‌లేన్_రిపేర్:

అన్నీ ఒకేచోట పోగేశారు.

ఆ మొదటి ఆప్షన్‌ని లైవ్ ఫైల్ సిస్టమ్ అంటారు. డిస్క్‌ని ముందు ఫార్మాట్ చేసి, ఒక్కో ఫైలూ విడివిడిగా రాస్తూ, ప్రతి ఫైల్‌కీ పట్టిక సరిచేసుకుంటూ పోతుంది. రెండు మూడు పెద్ద ఫైళ్లకి ఫర్వాలేదు, రెండు వేల చిన్న ఫైళ్లకి చుక్కలు కనిపిస్తాయి. కోర్టులో ఓపెన్ కాకపోవడానికీ ఎక్కువగా అదే కారణం అయ్యుండాలి, ఆ పద్ధతిలో రాసిన డిస్కులు పాత సిస్టమ్‌లు కొన్ని చదవవు, సరిగ్గా క్లోజ్ చేయకుండా బయటికి తీస్తే ఇంకా చదవవు. రెండో ఆప్షన్, "సీడీ లేదా డీవీడీ ప్లేయర్‌తో" అన్నది నొక్కండి, అందులో అన్నీ కలిపి ఒకే దెబ్బలో రాసి డిస్క్ మూసేస్తుంది. ఇంకా మంచిది, ముందు ఐఎంజీబర్న్ లాంటి రాసే సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్‌ని ఐఎస్‌ఓగా (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) హార్డ్ డిస్క్ మీద తయారుచేసుకుని, ఆ ఒక్క ఫైల్‌ని డిస్క్‌కి రాయడం. 2013లో వచ్చిన 2.5.8 వెర్షనే దాని ఆఖరుది, అయినా ఇప్పటికీ చక్కగా పని చేస్తుంది. దింపుకునేటప్పుడు పక్కన వేరే ప్రోగ్రాములు అంటగడతాయి కొన్ని సైట్లు, టిక్కులు తీసేసి ఎక్కించుకోండి.

హబ్ తీసేయండి, కాసేపు ప్రింటర్‌ని పీకినా ఫర్వాలేదు. సన్న డ్రైవ్‌లకి తిరిగేటప్పుడు కరెంటు ఎక్కువ కావాలి, యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంపులే, దాన్ని హబ్‌లో ఇంకో రెండిటితో పంచుకుంటే రాయడం మధ్యలో తడబడుతుంది. హబ్ మరీ పాతది, యూఎస్‌బీ 1.1 అయితే ఇంకా ఘోరం, దానికి చేతికొచ్చేది సెకనుకి ఒక ఎంబీ మాత్రమే, అంటే డీవీడీ 1ఎక్స్ కూడా రాదు.

ఇవన్నీ చేసినా 16ఎక్స్ మాత్రం ఆశించొద్దు. ల్యాప్‌టాప్ తరహా సన్న డ్రైవ్‌లు డీవీడీకి 8ఎక్స్ వరకే. మూడు జీబీ ఫోల్డర్ ఏడెనిమిది నిమిషాల్లో రావాలి.

చివర్లో వెరిఫై అని మళ్లీ అంత సేపూ చదువుతుంది, అది మాత్రం ఆపొద్దు. మీకు చెప్పేంతవాణ్ణి కాదు గానీ 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హాష్ విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి కదా, డిస్క్ మీద ఒక ఫైల్ సరిగ్గా పడకపోతే ఆ విలువ కలవదు. అప్పుడు ఆ పది నిమిషాలు మిగుల్చుకుని ఏం లాభం.


డిస్క్_పిచ్చోడు:

ఆలస్యంగా వచ్చాను, అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇక్కడ అందరూ బ్లాంక్ డిస్క్ సంగతి వదిలేశారు. కవర్ మీద 16ఎక్స్ అని అచ్చేసినంత మాత్రాన ఆ డిస్క్ 16ఎక్స్‌లో రాస్తుందని ఏమీ లేదు. ప్రతి బ్లాంక్ డిస్క్‌లోనూ తయారుచేసిన ఫ్యాక్టరీ కోడ్ ఒకటి ముందే ఉంటుంది, ఐఎంజీబర్న్‌లో డిస్క్ పెట్టగానే కుడివైపు డిస్క్ ఐడీ అని కనిపిస్తుంది. రైటర్ ఫర్మ్‌వేర్‌లో (దాని లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ఒక్కో కోడ్‌కీ లేజర్ ఎంత పవర్‌తో కొట్టాలో రాసి ఉంటుంది. తెలిసిన కోడ్ అయితే పూర్తి స్పీడ్ ఇస్తుంది, తెలియని కోడ్ అయితే 4ఎక్స్, 8ఎక్స్ దగ్గర ఆపేస్తుంది. అంతేకాదు, కొన్ని రైటర్లు రాస్తూ రాస్తూ తామే నాణ్యత చూసుకుని, బాగా పడట్లేదనిపిస్తే మధ్యలోనే స్పీడ్ తగ్గించేస్తాయి. అలాంటప్పుడు మౌస్ పట్టేయదు, బఫర్ నిండుగానే ఉంటుంది, స్పీడ్ మాత్రం పడిపోతుంది. తేడా కనిపెట్టడానికి ఇదే గుర్తు: బఫర్ ఖాళీ అవుతుంటే తప్పు కంప్యూటర్ వైపు, బఫర్ నిండుగా ఉన్నా నెమ్మదిస్తే తప్పు డిస్క్ వైపో రైటర్ వైపో.

డిస్కులు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ ఉన్న రోజుల్లో మన దగ్గర ఈ గోల తక్కువ, ఏ ఊళ్లో కొన్నా సరుకు దాదాపు ఒకేలా ఉండేది. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్లిపోయాక స్పిండిల్ మీద పేరు ఒకటి, లోపల కోడ్ ఇంకొకటి. పేరు చూసి కొనొద్దు. ఒక స్పిండిల్ కొని కోడ్ చూసుకుని, నచ్చితే ఆ బ్యాచ్‌లోవే మరో రెండు తెచ్చి పెట్టుకోండి.

ఇంకో సంగతి, తెనాలి గారు ఆరు నిమిషాల్లో వచ్చిందని సంబరపడుతున్నారు కానీ కస్టమర్‌కి ఇచ్చే కాపీ 16ఎక్స్‌లో కొట్టడం నాకైతే ఇష్టం ఉండదు. 4ఎక్స్‌లో కొట్టండి, ఎప్పటికీ చెక్కుచెదరదు.


పార్క్‌లేన్_రిపేర్:

కోడ్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను, బఫర్ గుర్తు కూడా. కానీ 4ఎక్స్ మాట ఒప్పుకోను. అది 4ఎక్స్ డిస్కుల కాలంనాటి సలహా. 16ఎక్స్ కోసం తయారైన డిస్క్ మీది రంగు పొర వేగంగా, గట్టి పవర్‌తో రాయడానికి తగ్గట్టు ఉంటుంది, దాన్ని మరీ నెమ్మదిగా రాస్తే కొన్నిసార్లు ఎర్రర్లు తగ్గకపోగా పెరుగుతాయి. మా షాపులో స్కాన్ చేసి చూసినప్పుడల్లా 8ఎక్స్, 12ఎక్స్ దగ్గరే బాగా వచ్చాయి. 16ఎక్స్‌లో డిస్క్ బయటి అంచు దగ్గర ఎర్రర్లు పెరిగేవి, అదీ నిజమే, పెళ్లి వీడియోలో అంచు దగ్గర ఉండేది ఏంటి, అప్పగింతలు. అక్కడ ఇరుక్కుంటే ఫోన్ వస్తుంది.

పైగా మిగిలే టైమ్ ఎంతని? 16ఎక్స్ అంటే మొదటి నుంచీ 16 కాదు. లోపలి అంచు దగ్గర ఆరున్నర చిల్లరతో మొదలై బయటికి వెళ్లేకొద్దీ పెరుగుతూ ఆఖర్లో 16 తాకుతుంది, సగటు 12 దగ్గర ఉంటుంది. నిండు డిస్క్‌కి అది ఆరు నిమిషాలైతే 8ఎక్స్ ఎనిమిది నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం రిస్క్ ఎందుకు.


డిస్క్_పిచ్చోడు:

సరే 8ఎక్స్ దగ్గర రాజీ. కానీ నా దగ్గర 4ఎక్స్‌లో రాసినవి ఇప్పటికీ ఆడుతున్నాయి, అవి 8ఎక్స్ డిస్కులు అనుకోండి, అది వేరే సంగతి.

తెనాలి గారూ, డిస్క్ మీద గుండ్రటి కాగితం స్టిక్కర్ అతికిస్తారా? అతికిస్తే ఆపేయండి. కొంచెం పక్కకి జరిగినా ప్లేయర్‌లో డిస్క్ ఊగుతుంది, వేడికి అంచు లేచి ఇరుక్కుంటుంది. ప్రింటబుల్ డిస్కులు కొని ఇంక్‌జెట్ మీద ఫోటో వేయండి.


నెల్లూరు_వీడియో:

నాకూ స్లోనే సార్, కానీ నాది గంటన్నర, రెండు గంటలు పడుతోంది. టైమ్‌లైన్ మీంచి నేరుగా బర్న్ కొడతాను. సిస్టమ్ ఎక్స్‌పీ కన్నా కొత్తదే, విండోస్ 7.


పార్క్‌లేన్_రిపేర్:

అది రైటింగ్ కాదండీ, ఎన్‌కోడింగ్. టైమ్‌లైన్ మీంచి బర్న్ కొడితే ముందు వీడియో మొత్తాన్ని డీవీడీకి కావాల్సిన ఎంపెగ్ 2లోకి మారుస్తుంది, గంటన్నర అక్కడే పోతుంది, అసలు రాయడం ఆఖరి ఎనిమిది నిమిషాలే. ప్రతి కాపీకీ మళ్లీ అదే చేయిస్తున్నారేమో చూసుకోండి. ఒక్కసారి హార్డ్ డిస్క్ మీదకి ఐఎస్‌ఓ తీసుకుని, దాన్నుంచి ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి.


జూనియర్_లాయర్_వరంగల్:

సార్, హబ్ తీసేసి, ఐఎస్‌ఓ చేసి రాశాను. వెరిఫైతో కలిపి పావుగంటలో అయింది. మా ఆఫీసులో ఉన్న పాత విండోస్ 7 సిస్టమ్‌లో పెట్టి చూశాను, ఓపెన్ అవుతోంది. చాలా థ్యాంక్స్. ఒకటే అడగాలి, 8ఎక్స్ పెట్టినా మొదట్లో 3.3 అని చూపించి మెల్లగా పెరుగుతోంది, అది మామూలేనా?


డిస్క్_పిచ్చోడు:

మామూలే. సన్న డ్రైవ్‌లు చాలావరకు అలాగే మొదలై ఆఖర్లో 8 తాకుతాయి. పైన 16 గురించి చెప్పిందే ఇక్కడా.


తెనాలి_మిక్సింగ్:

ఇరవై కాపీలూ 8ఎక్స్‌లో కొట్టేశాను, రెండు మూడు ప్లేయర్లలో పెట్టి అప్పగింతల దాకా తోసి చూశాను, బాగానే ఉన్నాయి. కేబుల్ చూస్తే 40 తీగలదే, పైగా క్యాబినెట్ మూత కింద నలిగి ఒక మడత దగ్గర తీగ తెల్లగా కనపడుతోంది. మార్చేశాను. ఇప్పుడు అల్ట్రా డీఎంఏ మోడ్ 4 చూపిస్తోంది. పాత సీడీల కోసం తమ్ముడి ల్యాప్‌టాప్ లాక్కున్నాను.

ఎప్పటికైనా ఈ రైటర్ పోతే మాత్రం ఏం కొనాలి? ఐడీఈ రైటర్లు ఎక్కడా కొత్తవి కనిపించట్లేదు.


పార్క్‌లేన్_రిపేర్:

ఐడీఈ వెతకొద్దు. మీ బోర్డు మీద సాటా సాకెట్లు నాలుగు ఉండాలి, హార్డ్ డిస్క్‌కి ఒకటి పోగా మిగిలినవి ఖాళీయే. మామూలు సాటా రైటర్ కొనండి, ఎస్ఎంపీఎస్‌లో (కరెంటు ఇచ్చే డబ్బాలో) సాటా పవర్ పిన్ లేకపోతే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది. బయాస్‌లో సాటా మోడ్ ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచండి, ఏహెచ్‌సీఐ (సాటాకి ఇంకో కొత్త మోడ్) అని కనిపిస్తే దాని జోలికి పోవద్దు, ఎక్స్‌పీకి ఆ డ్రైవర్ ఉండదు, నీలం స్క్రీన్ వస్తుంది. పాత ఐడీఈ రైటర్ని కూడా అలాగే ఉంచి, గీతల సీడీలకి దాన్నే వాడుకోవచ్చు, తమ్ముడి ల్యాప్‌టాప్ తమ్ముడికి ఇచ్చేయండి.